మూత తీయనివ్వని ప్రీఆంప్లిఫయరు కొనకండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుణుపురం. బడిలో లెక్కలు చెబుతాను. మా నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన కూడబెట్టిన ఎల్పీ రికార్డులు రెండు వందల దాకా ఇంట్లో ఉన్నాయి. హరికథలు, నాదస్వరం, పాత సినిమా పాటలు, కొన్ని ఒడియా భజనలు. టర్న్‌టేబుల్ బాగు చేయించి, సూది కదలికను సిగ్నలుగా మార్చే కార్ట్రిడ్జి, మూవింగ్ మ్యాగ్నెట్ రకానిది, కొత్తది వేయించాను. ట్రాన్సిస్టర్ల పవర్ ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు ఉన్నాయి. ఆంప్లిఫయరు ఇన్‌పుట్ ఇంపీడెన్సు, అంటే లోపలికి వచ్చే సిగ్నలుకు అది చూపే నిరోధం, 22 కిలో ఓములని దాని కాగితంలో ఉంది. వీటి మధ్య ఒక పాత వాల్వు ప్రీఆంప్లిఫయరు, అంటే టర్న్‌టేబుల్ ఇచ్చే చిన్న సిగ్నలును పవర్ ఆంప్లిఫయరుకు సరిపడేలా గాజు వాల్వులతో పెంచే పెట్టె, పెట్టుకోవాలని కోరిక. చిన్నప్పుడు మా ఇంట్లో వాల్వు రేడియో ఉండేది. ఆ ధ్వని ఇంకా చెవుల్లోనే ఉంది. అన్నీ కలిపి 30,000 రూపాయలకు మించి పెట్టలేను. మూడు చూసి పెట్టుకున్నాను. విశాఖపట్నంలో ఒక వ్యాపారి దగ్గర 1960ల నాటి అమెరికా డైనాకో పీఏఎస్-3 ఉంది, 26,000 అంటున్నాడు. బరంపురంలో ఒక విశ్రాంత ఇంజనీరు తానే కట్టుకున్న పెట్టె ఉంది. రికార్డు సిగ్నలును పెంచే ఫోనో విభాగంలో రెండు ఈసీసీ83 వాల్వులు, చివర ఒక ఈసీసీ82 వాల్వు వాడారట, 18,000 అడుగుతున్నారు. మూడోది ఆన్‌లైన్‌లో కనిపించిన చిన్న చైనా పెట్టె. ఒకరు వాడి అమ్ముతున్నారు, 7,000. ఏది కొనమంటారు? వాల్వులో తీయదనం ఉంటుందంటారు, నిజమేనా?

జవాబు: మీరు చెప్పిన మూడింటిలో బరంపురం పెట్టె వైపే నా మనసు మొగ్గుతోంది. కానీ మీరే వెళ్లి, మూత తీయించి, మీటరు పెట్టి చూశాకే డబ్బు ఇవ్వాలి. మూత తీయనివ్వకపోతే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

ముప్పై ఏళ్ల కిందట ఒక పెద్ద నగరంలోని దుకాణంలో నేనూ ఇలాగే ఒక ప్రీఆంప్లిఫయరు కొన్నాను. విదేశీ సరుకు. టేకు చెక్క పెట్టె, ముందు బంగారు రంగు రేకు. దాన్ని చూసి ఎంతో ముచ్చటపడ్డాను. దుకాణదారు మూత తీయనివ్వలేదు, నేనూ పట్టుబట్టలేదు. పర్లాకిమిడి తెచ్చుకున్నాక రెండు నెలలు హాయిగా పాడింది. వానలు మొదలయ్యాక కుడి స్పీకరులో గరగర వచ్చింది. ఒక సాయంత్రం వింటూ ఉండగా ఆ స్పీకరు కోను ముందుకు పొంగి అలాగే నిలబడిపోయింది. నేను లేచి స్విచ్చు దగ్గరికి వెళ్లేలోపే కాయిలు కాలిన వాసన గదంతా నిండింది. తర్వాత విప్పి చూస్తే లోపల డీసీని ఆపవలసిన, మైనం పూసిన కాగితపు కండెన్సరు ఒకటి లీకయింది. వాల్వు ప్లేటు (వాల్వు లోపల ఎక్కువ వోల్టేజీ అందే రేకు) మీద ఉండవలసిన డీసీ వోల్టేజీలో కొంత సరాసరి అవుట్‌పుట్‌కు వచ్చేసింది. నా పవర్ ఆంప్లిఫయరు ఇన్‌పుట్‌లో దాన్ని అడ్డుకునే కండెన్సరు లేదు. కొనే రోజున అవుట్‌పుట్ దగ్గర మీటరు ముల్లు పెట్టి ఒక్క నిమిషం చూసి ఉంటే ఆ స్పీకరు ఈనాటికీ ఉండేది.

అందుకే పేరు గురించీ తీయదనం గురించీ మాట్లాడే ముందు, మీ ఇంట్లో ఉన్న సామానుకు ఏది పొసగుతుందో చూద్దాం.

మీకు మొదట కావలసింది మంచి ఫోనో విభాగం. మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జి ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులే. రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. అలా చేయకపోతే మంద్ర స్వరాలకు గాడి మరీ వెడల్పై పక్క గాడిలోకి పోతుంది, పై స్వరాలు గాడి గరగరలో మునిగిపోతాయి. వినేటప్పుడు ఆ పని తిరగేయాలి. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం పేరుతో స్థిరపడిన ఆర్.ఐ.ఎ.ఎ. వంపు ప్రకారం 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు పది రెట్లు పెంచాలి, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు పదో వంతుకు తగ్గించాలి. ఈ లెక్కలో 50 హెర్ట్జ్ దగ్గర పెంపు ఏడు రెట్లు. మన కరెంటు కూడా 50 హెర్ట్జే. కాబట్టి ఎక్కడ చిన్న ఎర్తు లోపం ఉన్నా, ఎక్కడ ఒక తీగ ట్రాన్స్‌ఫార్మరు పక్కగా పోయినా, ఫోనో విభాగం ఆ మోతను ఏడు రెట్లు చేసి మీ ముందు పెడుతుంది. ఫోను నుంచో సీడీ నుంచో పాడినప్పుడు నిశ్శబ్దంగా ఉన్న పెట్టె రికార్డు పెట్టగానే గుంయిమనడం అందుకే. అమ్మేవారు ఫోను తగిలించి వినిపిస్తే సరిపోదు. రికార్డు పెట్టి వినిపించాలి.

రెండోది మీ ఆంప్లిఫయరు 22 కిలో ఓములు. మీరు లెక్కల మాస్టారు కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే పాత వాల్వు పెట్టెలు కొనేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వాల్వు ప్రీఆంప్లిఫయరు చివర ఒక కండెన్సరు ఉంటుంది. డీసీని ఆపి పాటను మాత్రమే పంపడం దాని పని. ఆ కండెన్సరూ, మీ 22 కిలో ఓములూ కలిసి మంద్రాన్ని ఒకచోట నుంచి కోసేస్తాయి. ఒకటిని 2π, ఓములు, ఫారడ్‌ల లబ్ధంతో భాగిస్తే ఆ చోటు తెలుస్తుంది. కండెన్సరు 0.22 మైక్రోఫారడ్ అయితే 33 హెర్ట్జ్ వస్తుంది. అంటే మృదంగం తొప్పి, డోలు బరువు పలచబడతాయి. 0.47 అయితే 15, ఒక మైక్రోఫారడ్ అయితే 7. ఆనాటి వాల్వు పవర్ ఆంప్లిఫయర్లకు ఇన్‌పుట్ లక్షల ఓములలో ఉండేది. డైనాకో వాళ్ల స్టీరియో 70కి 4,70,000 ఓములు. దానికి చిన్న కండెన్సరు చాలు. మీకు చాలదు.

కండెన్సరుతోనే అయిపోదు, ప్రీఆంప్లిఫయరు అవుట్‌పుట్ ఇంపీడెన్సు కూడా చూడాలి. అది మీ 22 కిలో ఓములలో పదో వంతుకు, అంటే రెండు వేల చిల్లర ఓములకు, మించకూడదు. ఈసీసీ83 వాల్వు ప్లేటు నుంచి నేరుగా బయటికి తీస్తే అది ముప్పై వేల ఓములు దాటిపోతుంది. మీ ఆంప్లిఫయరు తగిలించగానే సగానికి పైగా సిగ్నలు అక్కడే పోతుంది, ధ్వని నీరసపడుతుంది. అదే ఈసీసీ82ను క్యాథోడు ఫాలోయరుగా, అంటే ప్లేటు నుంచి కాక క్యాథోడు నుంచి సిగ్నలు తీసేలా, చివర పెడితే వెయ్యి ఓముల లోపే ఉంటుంది. బరంపురం ఇంజనీరుగారు చివర ఒక ఈసీసీ82 పెట్టారని మీరు రాయగానే నాకు నమ్మకం కుదిరింది. అది ఫాలోయరో కాదో ఆయన్ను అడగండి. ఫాలోయరు అయితే ఆయన ఏం చేస్తున్నారో తెలిసే కట్టారన్నమాట. ముందున్న రెండు ఈసీసీ83లు, చానెలుకు ఒకటి చొప్పున, నాలుగు మిల్లీవోల్టులను సుమారు ఒక వోల్టు దాకా తేగలవు. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు చాలా వరకు ఒకటి రెండు వోల్టులకే పూర్తి శక్తి ఇస్తాయి. ఫాలోయరు తాను పెంచదు, ఉన్నదాన్ని బలంగా బయటికి ఇస్తుంది. మీ ఇంటికి ఇది సరిగ్గా సరిపోయే ఏర్పాటు.

ఇప్పుడు విశాఖ పెట్టె సంగతి. పీఏఎస్-3 మంచి యంత్రమే. నాలుగు 12ఏఎక్స్7 వాల్వులు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరుగా ఒక 12ఎక్స్4తో నడుస్తుంది. 12ఏఎక్స్7 అన్నా ఈసీసీ83 అన్నా ఒకటే, మొదటిది అమెరికా పేరు, రెండోది యూరపు పేరు. దాని ఫోనో విభాగం ఎందరికో ఇష్టం. కానీ అది కట్టింది ఇందాక చెప్పిన లక్షల ఓముల ఆంప్లిఫయర్ల కోసం. చివర క్యాథోడు ఫాలోయరు లేదు. మీ 22 కిలో ఓముల ముందు అది తేలిపోతుంది. పైగా ఆ కంపెనీ వీటిని కట్టినవీ అమ్మింది, విడిభాగాలుగానూ అమ్మింది. విడిభాగాలు కొన్నవారు ఇంట్లో కూర్చుని తమ చేతనైనట్టు టంకం వేసుకున్నారు. మీరు చూసినది ఎవరి చేతి పనో విప్పితే గానీ తెలియదు. వాల్వులను వేడి చేసే హీటర్లకు డీసీ ఇచ్చే సెలీనియం రెక్టిఫయరు ఒకటి లోపల ఉంటుంది. అది పోయేటప్పుడు భరించలేని దుర్వాసన వస్తుంది, ఆ పొగ మంచిది కాదు. అరవై ఏళ్లు దాటిన సెలీనియాన్ని ఎలాగూ మార్చాలి. అమెరికా కోసం చేసినదైతే ట్రాన్స్‌ఫార్మరు 120 వోల్టులది, కాబట్టి పక్కన ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఫోనో విభాగానికి దగ్గరగా పెడితే దాని మోత ఇందులోకి వస్తుంది. 26,000 పోసి కొన్నాక కండెన్సర్లకూ రెక్టిఫయరుకూ ట్రాన్స్‌ఫార్మరుకూ మిగిలే నాలుగు వేలు చాలవు. పరిమితమైన డబ్బుతో పాత వాల్వు సామాను కొనేటప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒకటే. చేతిలో ఉన్న మొత్తంలో మూడో వంతు బాగుచేతకు పక్కన పెట్టి, మిగిలిన దానితోనే బేరం ఆడాలి. మీకు బేరం 20,000 దగ్గర ఆగిపోవాలి.

ఆ వ్యాపారి దగ్గర క్వాడ్ 22 అనే బ్రిటిష్ ప్రీఆంప్లిఫయరు కనిపిస్తే దాని ధర చూసీ ఆశపడకండి. క్వాడ్ 22కు సొంత పవర్ సప్లై ఉండదు. ప్లేటుకు కావలసిన ఎక్కువ వోల్టేజీ (హై టెన్షను), హీటరు కరెంటూ క్వాడ్ 2 పవర్ ఆంప్లిఫయరు నుంచే తీసుకుంటుంది. అది లేకపోతే మీ బల్ల మీద అలంకారంగా కూర్చోవడమే. లీక్ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన పాయింట్ వన్ స్టీరియో కూడా అంతే.

ఆన్‌లైన్ చైనా పెట్టె గురించి ఎక్కువ చెప్పను. ఇలాంటివి చాలా వరకు 12 వోల్టుల అడాప్టరుతో నడుస్తాయి. వాల్వు తన స్వభావంతో పనిచేయాలంటే ప్లేటుకు వంద నుంచి మూడు వందల వోల్టులు అందాలి. ఈ పెట్టెల్లో చాలా వాటిలో అసలు పెంపు పని చిన్న చిప్పు చేస్తుంది, వాల్వు కింద నారింజ రంగు ఎల్ఈడీ వెలుగుతూ ఉంటుంది. ఫోనో విభాగం కూడా సాధారణంగా ఉండదు. మీ అవసరానికి పనికిరాదు.

బరంపురం వెళ్లే రోజున వెంట తీసుకెళ్లవలసినవి ఇవి: మల్టీమీటరు, టార్చిలైటు, వెనక రబ్బరున్న పెన్సిలు, ఒక 22 కిలో ఓముల రెసిస్టరు, మీ నాన్నగారి రికార్డుల్లో మీకు కంఠతా వచ్చినది ఒకటి. వారి ఇంట్లో టర్న్‌టేబుల్ ఉందో లేదో ముందే ఫోనులో కనుక్కోండి. లేకపోతే మీదే మోసుకెళ్లాలి. మీరు వెళ్లేసరికే పెట్టె వెలుగుతూ ఉండకూడదు. చల్లగా ఉన్నది మీ ఎదుటే వేయించండి. వాల్వులు వేడెక్కే ఆ మొదటి అర నిమిషంలో ఏ శబ్దాలు వస్తాయో మీరే వినాలి.

వేయకముందు మూత తీయించి లోపల తీరిగ్గా చూడండి. మొదట ముక్కుతో చూడండి. కాలిన వాసన, ఎలుక మూత్రం వాసన వెంటనే తెలిసిపోతాయి. మన వైపు వెచ్చగా ఉండే పెట్టె దొరికితే బొద్దింకలు కాపురం పెడతాయి, వాటి మలం సాకెట్ల మధ్య తడి పీల్చి కరెంటుకు దారి ఇస్తుంది. పెద్ద కండెన్సర్లు పైకి ఉబ్బాయా, కింద జిగురులాంటి మరక ఉందా చూడండి. టంకం వేసిన చోట్లు మెరుస్తూ నునుపుగా ఉన్నాయా, బూడిద రంగులో గరుకుగా ఉన్నాయా చూడండి. వాల్వుల గాజు లోపల పైభాగాన వెండి పూత ఉంటుంది, దాన్ని గెటరంటారు. అది అంచుల్లో గోధుమ రంగు తిరిగినా పరవాలేదు. పాల తెలుపు అయిపోయిందంటే లోపలికి గాలి చేరిందన్నమాట, ఆ వాల్వు చచ్చిపోయింది.

లోపల 250 నుంచి 300 వోల్టుల దాకా ఉంటుంది. స్విచ్చు ఆపినా కండెన్సర్లలో ఆ వోల్టేజీ కొంతసేపు నిలిచే ఉంటుంది. కరెంటు ఉండగా లోపల చేయి పెట్టే పని ఇంజనీరుగారికే వదలండి. తప్పనిసరై మీరే పెట్టవలసి వస్తే ఒక చేయి జేబులో పెట్టుకుని రెండో చేత్తోనే పని చేయండి. రెండు చేతుల మధ్య గుండె ఉంటుంది.

ఇక అసలు పరీక్ష. పవర్ ఆంప్లిఫయరు తగిలించకుండా ప్రీఆంప్లిఫయరు ఒక్కటే వేసి ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వండి. అవుట్‌పుట్‌కు అడ్డంగా మీ 22 కిలో ఓముల రెసిస్టరు కట్టి, మీటరును డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి చూడండి. రెసిస్టరు లేకుండా మీటరు ఒక్కటే పెడితే, అది కరెంటు దాదాపుగా తీసుకోదు కనుక, కొద్ది లీకుకే పెద్ద అంకె చూపించి మిమ్మల్ని భయపెడుతుంది. రెసిస్టరు ఉంటే మీ ఆంప్లిఫయరు నిజంగా ఎంత చూస్తుందో అంతే కనిపిస్తుంది. రెండు చానెళ్లలోనూ కొన్ని మిల్లీవోల్టుల లోపు ఉండాలి. పదుల మిల్లీవోల్టుల్లో ఉండి, చూస్తూ ఉండగా పెరుగుతూ పోతుంటే చివరి కండెన్సరు మార్చాల్సిందే. అది చిన్న పనే, ధర తగ్గించమని అడగడానికీ కారణం. నాలుగు వందల వోల్టులు లేదా అంతకు మించి తట్టుకునే ఒక మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ కండెన్సర్లు రెండు వేయిస్తే లీకూ పోతుంది, మీ మృదంగం తొప్పీ నిలుస్తుంది.

తర్వాత వారి ఆంప్లిఫయరు కలిపి, ఫోనో మీద పెట్టి, సూది రికార్డు మీద దించకుండా వాల్యూమ్ నాబు మెల్లగా పెంచుతూ వినండి. సన్నగా సుయ్‌మనే చప్పుడు వాల్వుకు సహజం, కూర్చునే చోటికి వినిపించకపోతే చాలు. మోత వస్తే అది ఏ మోతో చెవితోనే చెప్పవచ్చు. వీధి చివర కరెంటు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిలబడితే వినిపించే ఆ బిగువైన మోత 100 హెర్ట్జ్. పెట్టెలో అదే వినిపిస్తే పవర్ సప్లై కండెన్సర్లు ఎండిపోయాయని అర్థం, మార్పించవచ్చు. అదే స్వరం ఒక స్థాయి కింద, మెత్తగా, లోతుగా వినిపిస్తే అది 50 హెర్ట్జ్. ఎర్తు తీగలోనో, తీగలు పోయిన దారిలోనో, హీటరు వైరింగులోనో లోపం ఉంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్తు తీగ వెనక ఉన్న మరకు బిగించారా లేదా ముందు చూడండి. అది ఊడి ఉంటే ఎంత గొప్ప పెట్టె అయినా గుంయిమంటుంది. మోత పోవాలని మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలు తీసేసేవారు ఉన్నారు. అలా తీసిన పెట్టె అయితే తిరిగి పెట్టించండి. రేకు పెట్టెకు ఎర్తు లేకపోతే ప్రాణానికే ప్రమాదం.

ఒక చానెల్లో మాత్రమే గరగరో పటపటో ఉంటే పెన్సిలు వెనక రబ్బరుతో వాల్వుల నెత్తిన మెల్లగా తట్టండి. స్పీకరులో గంట కొట్టినట్టు మోగిన వాల్వు ఫోనోలో పనికిరాదు. తర్వాత స్విచ్చు ఆపి, చల్లారనిచ్చి, రెండు ఈసీసీ83లనూ ఒకదాని చోట ఒకటి మార్చి మళ్లీ వేయించండి. చప్పుడు రెండో వైపుకు మారితే లోపం వాల్వుది. ఉన్నచోటే ఉంటే సర్క్యూట్‌ది. వాల్వుది అయితే ఆనందించండి, వాల్వు మార్చడం రెండు నిమిషాల పని. సర్క్యూట్‌ది అయితే కార్బన్ రెసిస్టర్లను అనుమానించాలి. తడిగాలి తగిలే చోట పాత కార్బన్ రెసిస్టర్లు విలువ మారి చప్పుడు చేస్తాయి. బరంపురానికి సముద్రం దగ్గరే కదా. మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వేస్తే ఆ బాధ పోతుంది. వాల్యూమ్ నాబు తిప్పినప్పుడు గరగరమంటే దుమ్మేనని వదిలేయకండి. శుభ్రం చేసినా పోకపోతే దాని మీదికి డీసీ వస్తోంది. ముందున్న కండెన్సరు లీకవుతోందన్నమాట.

ఇవన్నీ సరిగా ఉంటే మీ రికార్డు పెట్టించండి. మీకు కంఠతా వచ్చిన పాటను మీ చెవి ఎలా ఉండాలో అలా వింటుంది. నేను రాసే ఏ కొలతా ఆ పని చేయలేదు.

మీరు తీయదనం నిజమేనా అని అడిగారు. బాగా కట్టిన వాల్వు ప్రీఆంప్లిఫయరు ధ్వనిలో తనకంటూ చాలా తక్కువ కలుపుతుంది. కలిపేది ఎక్కువగా రెండో హార్మోనిక్, అంటే అదే స్వరం పై స్థాయి. అది చెవికి పరాయిగా అనిపించదు. పాత పెట్టెల్లో తీయదనమని అనుకునేదాంట్లో చాలా భాగం తారం తగ్గిపోవడమూ, ఎండిపోయిన కండెన్సర్లూనూ. మీ నాన్నగారి రేడియో ధ్వనిలో వాల్వుల కన్నా ఆ పెద్ద చెక్క పెట్టె పాత్ర, ఆ ఒక్క స్పీకరు పాత్ర ఎక్కువ. సాయంకాలం విజయవాడ కేంద్రం పట్టడానికి ముల్లు తిప్పుతూ కూర్చున్న మనిషి పక్కన ఉండటం కూడా అందులో కలిసే ఉంది. నిజానికి ఈ డబ్బులో చిన్న భాగంతో మంచి ట్రాన్సిస్టరు ఫోనో విభాగం దొరుకుతుంది, కొలతల్లో అది వాల్వుకు ఏమీ తీసిపోదు. అది తెలిసీ వాల్వే కావాలనుకుంటే కొనండి. వాల్వులు వేడెక్కి ఎర్రగా వెలుగుతూ ఉండగా నాన్నగారి రికార్డు మీద సూది దించాలన్న కోరిక మంచి కోరిక. నాకూ అదే కోరిక ఉండేది, ఇప్పటికీ ఉంది.

ధర 18,000 అడిగారు కదా. 16,000 నుంచి మొదలుపెట్టండి, కానీ మరీ గీచి గీచి బేరం ఆడకండి. దానికి బదులు ఆయన్ను వేరే కోరిక కోరండి. సర్క్యూట్ బొమ్మను తన చేత్తో గీసి, ప్రతి వాల్వు కాళ్ల దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో పెన్సిలుతో రాసి ఇమ్మనండి. ఆ ఒక్క కాగితం కోసం రెండు వేలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. రేపు పెట్టె మూగబోతే గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఉన్న ఏ పాత రేడియో మెకానిక్కైనా ఆ కాగితం చూసి గంటలో లోపం పట్టుకుంటాడు. బొమ్మ లేని పెట్టెతో అదే మెకానిక్కు వారం రోజులు కూర్చుంటాడు. కట్టిన మనిషే అమ్ముతున్నప్పుడు మీకు దొరికే అసలైన లాభం ఇదే, విశాఖ వ్యాపారి ఇవ్వలేనిదీ ఇదే.

మిగిలే డబ్బులో పవర్ సప్లై కండెన్సర్లు, చివరి కండెన్సర్లు, రెండు ఈసీసీ83లు అదనంగా కొని పెట్టుకోండి. కొత్తగా తయారవుతున్నవే చాలు. స్లొవేకియాలో జేజే కంపెనీవి, రష్యా నుంచి వచ్చేవి దొరుకుతాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు చేసిన వాల్వులు ఎవరి అటకమీదైనా కనిపిస్తే వదలకండి, కానీ పాత సరుకు అని చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం వద్దు. గాజు మీది అచ్చును తడి వేలితో రుద్ది మోసపోయామని తెలుసుకున్నవారిని చూశాను, ఎవరో పాత పేరు అచ్చు వేసి అమ్ముతారు. ఇంకొక జాగ్రత్త. ఈసీసీ88 కూడా తొమ్మిది కాళ్లదే, చూడటానికి ఒకేలా ఉంటుంది. కానీ హీటరు కనెక్షన్లు వేరు. ఈసీసీ83 సాకెట్టులో పెట్టకూడదు.

ఇంటి కరెంటు సంగతి కూడా చూసుకోండి. మీ ఊళ్లో సాయంత్రం వోల్టేజీ ఎంత పడుతుందో మూడు రోజులు పొద్దున, సాయంత్రం, రాత్రి మీటరుతో కొలిచి రాసుకోండి. 207కు దిగువకూ 253కు ఎగువకూ పోతూ ఉంటే స్టెబిలైజరు అవసరం. రిలేలతో టక్కుటక్కుమనే రకం పాట మధ్యలో స్పీకరులోనూ టక్కుమంటుంది, మోటారుతో మెల్లగా సర్దే సర్వో రకం చూడండి. పాట మధ్యలో కరెంటు పోతే మొదట చేయవలసింది పవర్ ఆంప్లిఫయరు స్విచ్చు ఆపడం. కరెంటు తిరిగి వచ్చినప్పుడు రెండూ ఒకేసారి లేస్తే, వాల్వులు కుదురుకునేలోపు పుట్టే కుదుపు నేరుగా మీ స్పీకర్ల మీద పడుతుంది. ప్రతిసారీ ప్రీఆంప్లిఫయరు ముందు వేయాలి, ఒక నిమిషం ఆగి పవర్ ఆంప్లిఫయరు. ఆపేటప్పుడు పవర్ ఆంప్లిఫయరు ముందు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు నేను రెండు పెట్టెల ప్లగ్గులూ గోడ నుంచి పీకేసి, కరెంటు వచ్చి నిలకడ పడిందని నమ్మకం కుదిరాకే మళ్లీ పెట్టాను. ఉరుములు వినిపిస్తే మీరూ అలాగే చేయండి. వానాకాలంలో వారానికి రెండు మూడుసార్లయినా అరగంట వేసి ఉంచితే లోపలి చెమ్మ ఆరిపోతుంది. దుమ్ము పడుతుందని ఇంట్లోవాళ్లు పైన లేసు గుడ్డ కప్పుతారు. వెలుగుతున్నంతసేపు ఆ గుడ్డ ఉండకూడదు.

తెచ్చుకునేటప్పుడు మూడు వాల్వులూ పీకి, ఏది ఏ సాకెట్టుదో చిన్న కాగితం ముక్క మీద రాసి ఒక్కొక్కదానికి కట్టి, పాత పంచె ముక్కలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకోండి. నిలువుగా పైకి లాగాలి, అటూ ఇటూ ఊపి తీస్తే కాళ్ల మొదట్లో గాజు పగులుతుంది. పెట్టె మీ ఒడిలో ఉండాలి, బస్సు డిక్కీలో కాదు. రైలులో వస్తే నౌపడాలో దిగి గుణుపురం బండి మారేటప్పుడు కూలీ చేతికి ఇవ్వకండి.

ఇంటికి వచ్చాక వాల్వులు పెట్టి, పవర్ ఆంప్లిఫయరు కలపకుండా ఒక గంట వేసి ఉంచి, అదే రెసిస్టరుతో డీసీ మరొకసారి కొలవండి. బరంపురంలో వచ్చిన అంకెకూ ఇప్పటి అంకెకూ తేడా ఉంటే, ఆ రెండు అంకెలూ, ఇంజనీరుగారి బొమ్మ నకలూ నాకు పంపండి. ఏ కండెన్సరు మార్చాలో గుర్తుపెట్టి తిరిగి రాస్తాను.